ఏడాదికి ఒకే రేటుకి గుడ్లు ఇమ్మంటున్నారు, దాణా ధర చూస్తే భయమేస్తోంది. కాంట్రాక్టు ఎలా రాసుకోవాలి?

షాద్‌నగర్_షెడ్డు
మాది 38 వేల లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల ఫారం. రోజూ 32 వేల పైచిలుకు గుడ్లు వస్తాయి. ఇన్నేళ్లూ ట్రేడర్ రావడం, ఆ రోజు నెక్ (ఎన్ఈసీసీ, గుడ్ల రైతుల సంఘం) ప్రకటించిన రేటు చూసి ఎత్తుకుపోవడం, అంతే. ఇప్పుడు హైదరాబాద్‌లో కాలేజీ హాస్టళ్లకు మెస్‌లు నడిపే ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. రోజుకి 12 వేల గుడ్లు, 11 నెలలు, గుడ్డుకి 5 రూపాయల 35 పైసలు, వాళ్ల వంటశాల దాకా మనమే చేర్చాలి. రేటు మారదు. మనం ఇవ్వలేని రోజు వాళ్లు బయట కొనుక్కుని ఆ తేడా మన బిల్లులో కోసుకుంటారట.

ఇవాళ్టి లెక్కలో నాకు గుడ్డు 4.55 పడుతోంది. ట్రేలు, బండి కిరాయి కలిపి ఇంకో 25 పైసలు. మొత్తం 4.80. మిగిలేది 55 పైసలు, అంటే రోజుకి 6,600. వినడానికి బాగుంది. కానీ మక్కలు ఇవాళ కిలో 23, సోయా చెక్క 40. ఆరు నెలల తర్వాత ఎంతుంటాయో ఎవరు చెప్తారు?

2021లో మా నాన్న ఒక బేకరీకి ఇలాగే ఏడాది రేటు ఒప్పుకున్నాడు. ఆ ఏడాది మొదట్లో నలభైల్లో ఉన్న సోయా చెక్క ఆగస్టు నాటికి తొంభై దాటింది. మాట ఇచ్చాను కదా అని ఆఖరి ట్రే దాకా ఇచ్చాడు, అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి మరీ. అందుకే ఇప్పుడు సంతకం అంటే ఇంట్లో అందరికీ టెన్షన్. వదులుకోవాలా, ఒప్పుకోవాలా, వేరే పద్ధతేమైనా ఉందా? శుక్రవారం మళ్లీ వస్తామన్నారు.

గోదావరి_గట్టు
దీనికింత ఆలోచనెందుకు తమ్ముడూ. నెక్ రేటుకి పది పైసలు తక్కువ అని రాసుకో. మా అనపర్తి వైపు అందరం అలాగే చేస్తాం. మార్కెట్ పెరిగితే నీకూ పెరుగుతుంది, తగ్గితే వాళ్లకూ తగ్గుతుంది. గొడవే లేదు.

కోల్‌కతా_లారీ
నేనూ అదే అంటాను. అయితే ఏ జోన్ నెక్ రేటో రాసుకోవాలి. హైదరాబాద్ వేరు, విజయవాడ వేరు, నామక్కల్ వేరు. ఒక్కోసారి జోన్‌కీ జోన్‌కీ మధ్య బోలెడు తేడా ఉంటుంది.

దాణామిల్లు
గోదావరి అన్నా, మీ మాటతో ఒక్కచోట నాకు పేచీ ఉంది. నెక్ రేటు గుడ్డు గిరాకీని చెబుతుంది, గుడ్డు ఖర్చుని కాదు. శ్రావణం వస్తే, కార్తీకం వస్తే తినేవాళ్లు తగ్గుతారు, రేటు పడుతుంది. కోడికి శ్రావణం లేదు, కార్తీకం లేదు, రోజుకి 110 గ్రాములు తినాల్సిందే. 2025 ఫిబ్రవరిలో మీ గోదావరి జిల్లాల్లోనే బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఏమైందో మీకు నాకంటే బాగా తెలుసు. జనం గుడ్డు ముట్టడానికే భయపడ్డారు. దాణా మాత్రం పైసా తగ్గలేదు.

ఈ తమ్ముడి భయం దాణా గురించి. దాణా భయానికి నెక్ మందు కాదు.

గోదావరి_గట్టు
అది నిజమే. ఆ ఫిబ్రవరి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. కానీ సగటున ఏడాది మొత్తం మీద నెక్ మనల్ని నిలబెడుతుంది. 1982లో వెంకటేశ్వర హేచరీస్ బీవీ రావు గారు ముందుండి అది పెట్టకముందు ట్రేడర్ ఎంతంటే అంతే కదా.

దాణామిల్లు
దాంట్లో నాకు రెండో మాట లేదు. నెక్ లేకపోతే ఈ రంగమే ఉండేది కాదు. నేనంటున్నది, ఏడాది సగటు దాకా బతికుండాలి కదా అని.

మెస్_బాధ్యుడు
నేను అవతలి పక్షం. వేరే కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. ఒకే రేటు అడిగేది దురాశతో కాదని చెప్పడానికే రాస్తున్నాను. కాలేజీ మాకు ఒక్కో విద్యార్థికి నెలకి ఇంత అని జూన్‌లో ఖాయం చేస్తుంది, మళ్లీ వచ్చే జూన్ దాకా ఒక్క రూపాయి పెంచదు. బియ్యం, నూనె, గ్యాస్ అన్నీ పెరుగుతూనే ఉంటాయి. నెక్ రేటు మీద గుడ్డు కొంటే చలికాలంలో నెలకి లక్షల్లో తేడా వస్తుంది. మాకు కావాల్సింది తక్కువ రేటు కంటే ముందుగా తెలిసిన రేటు. దానికోసం పది పైసలు ఎక్కువిచ్చినా మాకు లాభమే.

హాస్టల్_పిల్లాడు
రేటు పెరిగిన నెలలో మా మెస్‌లో ఆదివారం గుడ్డుకూర సగం గుడ్డుతో వస్తుంది. పెద్దలందరూ కలిసి ఫార్ములా తొందరగా తేల్చండి, ఆకలేస్తోంది.

షాద్‌నగర్_షెడ్డు
నవ్వొచ్చింది కానీ, తమ్ముడి మాటలో నాకు ఒక సంగతి దొరికింది. సగం గుడ్డు వేస్తే వాళ్లు నా దగ్గర 12 వేలకి బదులు 6 వేలే తీసుకుంటారు కదా? వాళ్లు పంపిన కాగితంలో నేను ఇవ్వకపోతే కోత ఉంది, వాళ్లు తీసుకోకపోతే ఏమిటో ఎక్కడా లేదు.

మెస్_బాధ్యుడు
మంచి పాయింట్ పట్టారు. దసరా, సంక్రాంతి, పరీక్షల తర్వాత సెలవులు, హాస్టల్ ఖాళీ అయిపోతుంది. ఆ రోజుల్లో మేం కొనం. సెలవుల పట్టిక ముందే అడిగి తీసుకోండి, ఇస్తారు. మిగతా రోజుల్లో కనీసం 80 శాతం తీసుకోవాలి, తీసుకోకపోతే ఆ లోటుకి గుడ్డుకి ఇంత అని రాయించండి. మేం కొందరు రైతులకి అలా రాసిచ్చాం.

అట్టపెట్టె
కోళ్ల సంగతి తెలియదు కానీ ఈ బాధ తెలుసు. నాది జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్. 2020 చివర్లో ఒక మందుల కంపెనీకి ఏడాది రేటు రాసిచ్చాను. కొన్ని నెలల్లోనే పెట్టెలకి వాడే క్రాఫ్ట్ పేపర్ ధర ఎక్కడికో వెళ్లిపోయింది. విదేశాల నుంచి చిత్తుకాగితం రావడం తగ్గింది, మిల్లులు వారానికోసారి రేటు పెంచాయి. నాలుగో నెలలో చేతులెత్తేశాను. వాళ్లు నన్ను జాబితాలోంచి తీసేశారు. పన్నెండేళ్ల కస్టమర్. డబ్బు పోయిందని కాదు, ఆ మేనేజర్ గారికి మొహం చూపించలేకపోయాను. మీ నాన్నగారు ఆఖరి దాకా ఇచ్చారంటే ఆయనకి నా నమస్కారం చెప్పండి.

షాద్‌నగర్_షెడ్డు
చెప్పాను. మాట్లాడలేదు, ఫోన్ చేతిలోకి తీసుకుని మీ పోస్టు రెండుసార్లు చదువుకున్నాడు.

ఒక సందేహం. ధర మరీ రెట్టింపైపోతే "అనుకోని విపత్తు" అని చెప్పి కాంట్రాక్టు లోంచి బయటపడొచ్చు అని మా ఊళ్లో ఒకాయన అన్నాడు. నిజమేనా?

నల్లకోటు
నిజం కాదు. దాని మీద ఆశ పెట్టుకుని సంతకం చేయొద్దు.

1960లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, అలోపీ పర్షాద్ కేసు. సైన్యానికి నెయ్యి సమకూర్చే ఏజెంట్లు వాళ్లు, 1937 నాటి ఒప్పందం. తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చి పరిస్థితులన్నీ తారుమారయ్యాయి, కాబట్టి మాకు ఎక్కువ కట్టివ్వాలి అన్నారు. ఖర్చులు పెరిగాయనో పరిస్థితులు మారాయనో ఒప్పందం రద్దయిపోదని కోర్టు చెప్పింది. అది పాతదనుకుంటే 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసు చూడండి. గుజరాత్‌లో దిగుమతి బొగ్గుతో నడిచే ముంద్రా కరెంటు ప్లాంట్ల వాళ్లది. ఇండోనేషియా ప్రభుత్వం నియమాలు మార్చి బొగ్గు ధర పెంచేసింది, మా ఖర్చు పెరిగింది, ఇది మా చేతిలో లేని విపత్తు అన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ ఇంధన ధర రిస్కు తెలిసే మీరు బిడ్ వేశారు అంది.

అంత పెద్ద కంపెనీలకే దొరకని వెసులుబాటు 38 వేల కోళ్ల ఫారానికి దొరకదు. కాగితంలో రాసుకున్నదే మనకి రక్షణ.

ఇంకో రెండు సంగతులు. విపత్తు క్లాజులో "బర్డ్ ఫ్లూ, ప్రభుత్వ ఆదేశంతో కోళ్లను చంపడం, రవాణా నిషేధం" అని పేరు పెట్టి రాయించండి. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లన్నీ పోతాయి, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది. మీ ఫారంలో రోగం లేకపోయినా మీ బండి కదలకపోవచ్చు. రెండోది, బయట కొన్న తేడా కోసుకుంటామన్న క్లాజు. తేడా అంటే వాళ్లు చూపించిన బిల్లు కాదు, ఆ రోజు హైదరాబాద్ నెక్ రేటుకీ మీ రేటుకీ మధ్య తేడా అని రాయించండి. దానికి నెల బిల్లులో పది శాతం అని హద్దు కూడా పెట్టించండి.

షాద్‌నగర్_షెడ్డు
రాసుకున్నాను సార్. ఈ రెండూ నా తలకి తట్టేవి కావు.

రాగి_తీగ
మా రంగంలో దీన్ని ఎప్పుడో తేల్చుకున్నారు. నాది ట్రాన్స్‌ఫార్మర్ల తయారీ. విద్యుత్ సంస్థలకి ఇచ్చే పెద్ద ఆర్డర్లలో ధర మారే సూత్రం ఉంటుంది. ఐఈఈఎంఏ అనే మా పరిశ్రమ సంఘం ప్రతినెలా రాగి, ఉక్కు రేకు, నూనె లాంటి వాటి ధరలతో సర్క్యులర్ ఇస్తుంది. టెండరు వేసిన నాటి రాగి ధర ఇంత, సరుకు ఇచ్చే నాటి ధర ఇంత, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చులో రాగి వాటా ఇంత. ఆ మేరకు బిల్లు పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. బేరం అక్కర్లేదు, బతిమాలడం అక్కర్లేదు. సర్క్యులర్ తీసి బిల్లుకి జతచేయడమే.

మీ గుడ్డుకీ అలాంటి సూత్రం రాసుకోవచ్చు కదా? మక్కల వాటా, సోయా వాటా.

గోదావరి_గట్టు
ఇదేదో కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలా ఉంది 🙂 గుడ్డు అమ్మడానికి కూడా సూత్రమా?

రాగి_తీగ
అన్నా, ఈకలు ఇప్పుడు పీక్కుంటే తర్వాత జుట్లు పీక్కోనక్కర్లేదు 🙂

దాణామిల్లు
సూత్రం నేను రాసిస్తాను, రోజూ నేను చేసే లెక్కే ఇది.

కోడి రోజుకి 110 గ్రాములు తింటుంది. మీ ఫారం 85 శాతం ప్రొడక్షన్ (వంద కోళ్లకి రోజుకి 85 గుడ్లు). అంటే ఒక్కో గుడ్డు వెనక దాదాపు 130 గ్రాముల దాణా. అందులో మొక్కజొన్న సగం, 65 గ్రాములు. సోయా చెక్క ఐదో వంతు, 26 గ్రాములు. మిగిలింది తవుడు, సున్నపురాయి, మందులు వగైరా.

కాబట్టి మొక్కజొన్న కిలోకి రూపాయి పెరిగితే గుడ్డు ఖర్చు ఆరున్నర పైసలు పెరుగుతుంది. సోయా కిలోకి రూపాయి పెరిగితే 2.6 పైసలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మీ 55 పైసల లాభం చూడండి. మొక్కజొన్న 23 నుంచి 28 అయితే 32.5 పైసలు పోయాయి. సోయా 40 నుంచి 55 అయితే ఇంకో 39. కలిపి 71.5. ఆ రోజు నుంచి మీరు ప్రతి గుడ్డుకీ 16 పైసల పైనే ఎదురు పెట్టుకుని వాళ్లకి ఇస్తున్నట్టు. ఇది 2021 అంత ఘోరం కూడా కాదు, మామూలు చెడ్డ ఏడాది. 2023 చివర చెరకు రసంతో పెట్రోల్లో కలిపే ఇథనాల్ చేయడం మీద ఆంక్షలు పెట్టాక డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. ఎప్పుడూ ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు కోడి పోటీ పడేది పక్క ఫారం కోడితో కాదు, ఇథనాల్ ఫ్యాక్టరీతో.

షాద్‌నగర్_షెడ్డు
ఈ లెక్క ఇంత విడమరచి ఎవరూ చెప్పలేదు అన్నా. నాన్న కూడా పక్కన కూర్చుని కాగితం మీద వేసుకున్నాడు. మక్కలు రూపాయికి ఆరున్నర పైసలు అన్నది సరిగ్గా కుదిరిందట.

కోల్‌కతా_లారీ
అయితే ఇంకా సులువు పద్ధతి ఉంది కదా. నాకు ఎంత ఖర్చయిందో బిల్లులు చూపిస్తా, దాని మీద 50 పైసలు ఇవ్వండి అని అడగొచ్చు. పైకి పోయినా కిందికి వచ్చినా రైతుకి 50 పైసలు గ్యారంటీ.

బ్రాయిలర్_బాబాయ్
ఆ దారిలో నేను పదిహేనేళ్లుగా నడుస్తున్నాను, కాబట్టి చెబుతాను. కోయంబత్తూరు వైపు 1990లలో మొదలై మన దాకా వచ్చిన మాంసం కోళ్ల పెంపకం పద్ధతిలో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డూ కష్టమూ మనవి. కిలోకి ఇంత అని పెంపకం కూలి ఇస్తారు. దాణా ధర ఆకాశానికి వెళ్లినా నాకు ఇబ్బంది లేదు, రాత్రి నిద్ర పడుతుంది. అది నిజం.

కానీ దాణా వాళ్లదైనప్పుడు నేను ఎలా వాడుతున్నానో వాళ్లు కాపలా కాయాల్సిందే. కిలో మాంసానికి ఎంత దాణా పట్టిందని ప్రతి బ్యాచ్‌కీ లెక్క. కాస్త ఎక్కువ పడితే కూలి కోత, తక్కువ పడితే బోనస్. పిల్ల నాసిరకం వచ్చినా కోత నాకే. ఖర్చంతా అవతలివాడు భరిస్తే అవతలివాడి పెత్తనం ఇంటి దాకా వస్తుంది. మీ మెస్ వాళ్లు బిల్లులు అడుగుతారు, తర్వాత దాణా ఎక్కడ కొనాలో వాళ్లే చెబుతారు.

మెస్_బాధ్యుడు
మేం కూడా ఒప్పుకోం అండీ. రైతు చూపించిన బిల్లు నిజమో కాదో మాకెలా తెలుస్తుంది? ఖర్చు ఎంతైనా మేమే ఇస్తామంటే దాణా చౌకగా కొనాలన్న పట్టుదల ఎవరికుంటుంది?

సుద్దముక్క
డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఈ చర్చ చదువుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది, నా క్లాసులో గంటసేపు చెప్పేది బాబాయ్ గారు, మెస్ గారు కలిసి నాలుగు ముక్కల్లో చెప్పేశారు. ఇదే చిక్కు మీద పనిచేసిన హోల్మ్‌స్ట్రామ్, హార్ట్ అనే ఇద్దరికి 2016లో నోబెల్ వచ్చింది.

ఖర్చు రెండు కారణాల వల్ల మారుతుంది. మార్కెట్ వల్ల కొంత, రైతు పనితనం వల్ల కొంత. మక్కల ధర ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని రైతు ఒక్కడి నెత్తిన వేస్తే, ఆ భయానికి అతను ముందే రేటు ఎక్కువ అడుగుతాడు, లేదా మధ్యలో మునిగిపోతాడు. కొనేవాడికి రెండూ నష్టమే. ఇక ప్రొడక్షన్ ఎంత శాతం, దాణా ఎంత వృథా, కోళ్లు ఎన్ని చచ్చాయి, ఇవి రైతు చేతిలోవి. వీటిని కొనేవాడి మీద వేస్తే రైతు శ్రద్ధ తగ్గుతుంది.

దాణామిల్లు గారి సూత్రంలో అందం ఎక్కడుందంటే, 130 గ్రాములు అన్నది కాంట్రాక్టులో స్థిరంగా ఉంటుంది. మార్కెట్ ధర మాత్రమే మారుతుంది. మీ ఫారంలో ప్రొడక్షన్ 90 శాతానికి వెళ్తే గుడ్డుకి 122 గ్రాములే పడుతుంది, ఆ మిగులు మీది. 75కి పడిపోతే 147 గ్రాములు, ఆ నష్టమూ మీదే. మెస్ వాళ్లు మీ బిల్లు ఒక్కటి కూడా చూడనక్కర్లేదు.

దాణామిల్లు
మాస్టారూ, రోజూ చేసే లెక్కలో ఇంతుందని నాకే తెలియదు!

మెస్_బాధ్యుడు
వినడానికి న్యాయంగా ఉంది. నా వైపు నుంచి రెండు అడ్డంకులు. ఒకటి, ప్రతినెలా రెండు పైసలు మూడు పైసలు మారుతుంటే మా అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు. రెండు, పై హద్దు లేకుండా నేను మా డైరెక్టర్ ముందు కాగితం పెట్టలేను.

రాగి_తీగ
మొదటిదానికి మందుంది. మొదటి పది పైసల మార్పు ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు, అది రైతుదే. పది దాటిన భాగమే బిల్లులోకి వస్తుంది. తగ్గినప్పుడూ అంతే. రెండోదానికి పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టుకోండి. పై గీత దాటితే రైతు భరించాలి, కింది గీత దాటితే మెస్ భరించాలి.

అట్టపెట్టె
పై గీత దాటి నెలల తరబడి అక్కడే ఉంటే? నాకు జరిగింది అదే. వరసగా రెండు నెలలు గీత బయట ఉంటే ఎవరైనా 30 రోజుల నోటీసుతో మర్యాదగా విడిపోవచ్చు అని ఉండాలి. అలాంటి ఒక్క వాక్యం నా కాగితంలో ఉండి ఉంటే ఆ కస్టమర్ ఇవాళ్టికీ నాతో ఉండేవాడు.

గోదావరి_గట్టు
తగ్గినప్పుడూ తగ్గించాలా? అదెందుకు ఒప్పుకోవాలి మనం?

దాణామిల్లు
ఒప్పుకోకపోతే వాళ్లూ పెంచడం ఒప్పుకోరు అన్నా. పైగా సోయా ఎంత తొందరగా ఎక్కుతుందో ఒక్కోసారి అంతే తొందరగా దిగుతుంది. 2021 ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. అలాంటి ఒక్క ఉత్తర్వుతో ధర మారిపోతుంది.

షాద్‌నగర్_షెడ్డు
ధర ఎక్కడిది తీసుకోవాలి? నేను కొనే దుకాణం రేటు అంటే వాళ్లు నమ్మరు.

దాణామిల్లు
నమ్మకూడదు కూడా. మీరూ వాళ్లూ ఇద్దరూ వేలు పెట్టలేని ధర కావాలి. మొక్కజొన్నకి మీ దగ్గర్లోని బాదేపల్లి మార్కెట్ యార్డు ధర తీసుకోండి, ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో వస్తుంది. ఒక్క యార్డే పెట్టుకుంటే సరుకు తక్కువ వచ్చిన రోజు ధర అడ్డదిడ్డంగా ఉంటుంది, కాబట్టి ఇంకో యార్డు కలిపి నెల సగటు తీయండి. సోయా చెక్కకి ఇండోర్ ధర, అక్కడి సోయా ప్రాసెసర్ల సంఘం ప్రకటిస్తుంది. ఇండోర్ నుంచి మనకి లారీ కిరాయి ఉంటుంది, అది స్థిరం అనుకుని వదిలేయండి. ముందు నెల సగటుతో తర్వాత నెల బిల్లు.

కోల్‌కతా_లారీ
ఫ్యూచర్స్‌లో, అంటే ముందు నెలల సరుకుకి ఇప్పుడే ఎక్స్ఛేంజీలో ధర కట్టేసుకుంటే ఈ తలనొప్పంతా ఉండదు కదా?

నల్లకోటు
సోయా ఫ్యూచర్స్‌ని 2021 డిసెంబరులోనే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆపేసింది, మరో ఆరు సరుకులతో పాటు. తర్వాత ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చింది.

గోదావరి_గట్టు
ఫ్యూచర్స్ ఎందుకు, గోదాము ఉంది కదా. సూత్రాల సంగతి మాస్టారికి వదిలేసి నేను చేసేది చెబుతా. మా వైపు రబీ మొక్కజొన్న మార్చి, ఏప్రిల్‌లో దిగుతుంది. అప్పుడు కొని పెట్టుకుంటా. గోదాములో ఎన్ని నెలల మొక్కజొన్న ఉందో అన్ని నెలలకే రేటు మాట ఇస్తా. అంతకు మించి ఒక్క రోజుకీ ఇవ్వను.

షాద్‌నగర్_షెడ్డు
అన్నా, దానికి డబ్బు ఎంత కట్టుబడిపోతుంది?

గోదావరి_గట్టు
నీ 12 వేల గుడ్లకి రోజుకి 780 కిలోలు. మూడు నెలలకి 70 టన్నులు. 23 లెక్కన 16 లక్షలు. వాడుకుంటూ పోతావు కాబట్టి సగటున నెలన్నర వడ్డీ. పది శాతం వడ్డీకి 20 వేలు. ఆ మూడు నెలల్లో ఇచ్చే గుడ్లు 10 లక్షల 80 వేలు. గుడ్డుకి రెండు పైసలు కూడా పడదు. తేమ మాత్రం 14 శాతం లోపు ఉండాలి. పచ్చి సరుకు పోస్తే బూజు పట్టి కోళ్లు పోతాయి, అప్పుడు పైసల లెక్క కాదు.

రాగి_తీగ
ఈకలు పీకొద్దన్న అన్నే అందరికంటే నున్నగా పీకాడు 🙂

గోదావరి_గట్టు
వయసు పెరిగే కొద్దీ వచ్చే విద్య అది 🙂

సుద్దముక్క
గట్టు అన్న మాట నుంచే ఇంకో ఉపాయం. తమ్ముడూ, మీరు శుక్రవారం ఒక్క రేటుతో వెళ్లకండి. రెండు కాగితాలు పెట్టండి. ఒకటి, 11 నెలలు మారని రేటు, 5.65. రెండోది, 5.25తో మొదలై సూత్రం ప్రకారం మారేది. ఏది కావాలో వాళ్లనే తీసుకోమనండి. మారని రేటు కావాలంటే దానికి ధర ఉంటుందని వాళ్లకి కళ్ల ముందు కనబడుతుంది. ఎవరికి ఏ భయం ఎక్కువో బేరం లేకుండానే బయటపడుతుంది.

మెస్_బాధ్యుడు
ఇది నేను తిప్పి వాడుకుంటాను మాస్టారూ. వచ్చే జూన్‌లో రైతులందరికీ రెండూ పంపిస్తాను. గోదాము ఉన్నవాళ్లు మారని రేటు తీసుకుంటారు, వారం వారం దాణా కొనేవాళ్లు సూత్రం తీసుకుంటారు. ఎవరి దగ్గర స్టాకు ఉందో అడిగితే ఎవరూ నిజం చెప్పరు, ఇలా అయితే వాళ్ల ఎంపికే చెబుతుంది.

బ్రాయిలర్_బాబాయ్
ఇంకొక్క మాట. పూర్తి 12 వేలు ఒప్పుకోకు బాబూ. వేసవిలో ఎండ దెబ్బకి ప్రొడక్షన్ పడుతుంది, పాత బ్యాచ్ తీసేసి కొత్తది వేసినప్పుడు కొన్ని వారాలు చిన్న గుడ్డు వస్తుంది. గుడ్డు బరువు ఎంత ఉండాలో చూశావా ఆ కాగితంలో?

షాద్‌నగర్_షెడ్డు
50 గ్రాములకి తగ్గకూడదని ఉంది బాబాయ్. కొత్త బ్యాచ్ మొదటి వారాల్లో రాదు. మూడు షెడ్లలో మూడు వయసుల కోళ్లున్నాయి కాబట్టి 12 వేలు నెట్టుకురావచ్చు అనుకున్నా. మీరన్నాక 8 వేలు అడుగుతాను, మిగతావి ట్రేడర్‌కే.

షాద్‌నగర్_షెడ్డు
నిన్న వచ్చి వెళ్లారు. రెండున్నర గంటలు కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు కాగితాలూ ముందు పెట్టాను. 5.65 చూడగానే పక్కన పెట్టేశారు. రెండోది చదివి, ఇది మీకు ఎవరు రాసిచ్చారు అని అడిగారు. నలుగురు పెద్దలు అన్నాను.

ఖాయమైనవి: రోజుకి 8 వేల గుడ్లు, సెలవుల పట్టిక కాంట్రాక్టుకి జత, మిగతా రోజుల్లో కనీసం 80 శాతం తీసుకోవాలి. మొదలు 5.25. పది పైసలు దాటిన మార్పు బిల్లులోకి వస్తుంది, పెరిగినా తగ్గినా. పై గీత 5.95, కింది గీత 4.75. రెండు నెలలు గీత బయట ఉంటే 30 రోజుల నోటీసు. బర్డ్ ఫ్లూ పేరు పెట్టి రాశారు. కోతకి పది శాతం హద్దు మీద చాలాసేపు నలిగింది, చివరికి పదిహేను దగ్గర ఆగింది.

దాణామిల్లు అన్న చెప్పిన చెడ్డ ఏడాదితో లెక్క వేసి చూశాను. మక్కలు 28, సోయా 55 అయితే నా ఖర్చు 5.51 దాటుతుంది, రేటు 5.86 అవుతుంది. 35 పైసలు మిగులుతాయి. 2021 మళ్లీ వస్తే, సోయా ఒక్కటే 90 అయినా ఖర్చు 6.10, రేటు 5.95 దగ్గర ఆగిపోతుంది, గుడ్డుకి 15 పైసలు పోతాయి. కానీ రెండు నెలలు, ఆపైన నోటీసు నెల, అంతవరకే. 8 వేల గుడ్ల మీద మూడు నెలలకి లక్షా ఎనిమిది వేలు. గొలుసు బయటికి తీయాల్సిన పని లేదు. ఈ మాట అమ్మకి చెప్పాను.

అట్టపెట్టె
చాలా సంతోషం తమ్ముడూ. మనసు తేలికైంది.

నల్లకోటు
సంతకానికి ముందు ఒక ఉదాహరణ లెక్క కాంట్రాక్టు చివర అతికించండి, అంకెలతో సహా. సూత్రం మాటల్లో మాత్రమే ఉంటే రేపు ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు.

షాద్‌నగర్_షెడ్డు
అలాగే సార్. నాన్న ఒక్కటే అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. యార్డు సెలవు రోజుల్లో, హమాలీల సమ్మె రోజుల్లో బాదేపల్లి ధర రాదు కదా, ఆ రోజులకి ఏది తీసుకోవాలి?

దాణామిల్లు
ధర వచ్చిన రోజులవే సగటు. నెలలో పది రోజుల కంటే తక్కువ వస్తే రెండో యార్డు ధర. నాన్నగారు సరైనచోట పట్టుకున్నారు, అది కూడా రాయించు.